కెమెరా నెత్తిన కాపురమున్న ఫ్లాషు గారికి

మహారాజశ్రీ బుల్లి ఫ్లాషు గారికి హనుమకొండ నుంచి నమస్కరించి రాయునది.

ముందుగా తమరి ధైర్యాన్ని మెచ్చుకోవాలి. చీకటి పడ్డాక ఖిలా వరంగల్‌లో కెమెరాను ఆటో మోడులో పెట్టి మీట నొక్కితే చాలు, టక్కున తల లేపి కాకతీయ తోరణం మీదికి దండెత్తుతారు. తమరి వంశంలో చాలామంది గైడ్ నంబరు, అదే ఫ్లాషు బలానికి కొలత, 12 మీటర్ల చుట్టుపక్కలే. దాన్ని ఎఫ్ నంబరుతో భాగిస్తే వెలుగు చేరే దూరం వస్తుంది. అంటే ఐఎస్ఓ (సెన్సారు వెలుగును పట్టే చురుకు) 100, లెన్సు రంధ్రం ఎఫ్/4 దగ్గర తమరి ఏలుబడి మూడు మీటర్లు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఫలితం ఏమిటి? ముందు నిలబడ్డ మా బావగారి ముఖం సున్నం కొట్టిన గోడ, వెనకున్న తోరణం గల్లంతు.

వేయిస్తంభాల గుడిలో తమరు చేసే ఘనకార్యం ఇంకా గొప్పది. 1163 నాటి గుడి, అద్దంలా నునుపు తేలిన నల్లరాయి. పక్కనుంచి పడే ఎండకు ప్రతి చెక్కడమూ పైకి లేచి కనిపిస్తుంది. తమరు ఎదురుగా మెరిసి నీడలన్నీ తుడిచేస్తారు. శిల్పి ఉలితో తెచ్చిన లోతును రెప్పపాటులో చదును చేసి, స్తంభం మీద తెల్లటి చుక్కొకటి సంతకంగా పెడతారు.

కళ్ళు ఎర్రబడటానికి మాత్రం తమరిని తిట్టను. లెన్సు పక్కనే ఇల్లు కట్టించింది కంపెనీవాళ్ళు. రెటీనా దాకా వెళ్ళిన వెలుగు తిన్నగా వెనక్కి వస్తే మేనత్త అయినా దయ్యంలాగే కనిపిస్తుంది. తమరికి మెడ తిరగదు కూడా. పెళ్ళిళ్ళలో కెమెరాకు విడిగా తగిలించే మీ పెద్దన్న పైకప్పు వైపు చూస్తూ ఎంత మర్యాదగా వెలుగుతాడో!

నా అసలు ఫిర్యాదు వేరే. మేడారంలో మిట్టమధ్యాహ్నం, నెత్తిన బంగారం (మొక్కు బెల్లం) పెట్టుకున్న మనిషి, కళ్ళ కింద గుంటల్లా నీడలు. అక్కడ కదా తమరి అవసరం! మనిషి దగ్గరే ఉన్నాడు, నీడ తేలికపడితే చాలు. అయితే వెలుతురు దండిగా ఉందని ఆటో మోడు తేల్చేస్తుంది, తమరు ముసుగుతన్ని పడుకుంటారు. మెరుపు గుర్తు మీట నొక్కి లేపాలి, షట్టరు వేగం 1/200 సెకను దాటకుండా చూడాలి, ఫ్లాషు బలం ఒక స్టాపు, అంటే సగానికి, తగ్గించాలి. ఇంత బతిమాలితే తప్ప పనికి రారు.

సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర తమరికి మళ్ళీ డ్యూటీ వేస్తున్నాను. మసక చీకట్లో, స్లో సింకులో, అంటే తమరు మెరిసినా షట్టరు ఎక్కువసేపు తెరిచే ఉండే పద్ధతిలో. దీపాల సంగతి షట్టరు చూసుకుంటుంది, తమరు ఆడుతున్నవాళ్ళ ముఖాల దగ్గర ఆగండి. గుట్ట జోలికి పోవద్దు.

ఇట్లు,
తమరి యజమాని