లబ్ధిదారుల సంఖ్య గారికి ఓ అభిమాని హెచ్చరిక

మహారాజశ్రీ లబ్ధిదారుల సంఖ్య గారి దివ్యసముఖానికి,

తమరు క్షేమంగానే ఉంటారు. ఎందుకుండరు? పోయిన ఏటికంటే ఈ ఏడు లావెక్కారు, వచ్చే ఏడు ఇంకా లావెక్కుతారు. ఫ్లెక్సీ మీద మంత్రిగారి మొహం పక్కన తమరే, కలెక్టరేట్ సమీక్షలో మొదటి స్లైడూ తమరే. 'ఇన్ని లక్షల మందికి ఇచ్చాం' అన్నాక 'ఇస్తే ఏమైంది?' అని అడిగేంత అమర్యాద మనవాళ్లకు లేదు. శిక్షణ ఇచ్చామంటే ఎన్ని బ్యాచులని అడుగుతారు. మహా అయితే ఎందరికి ఉద్యోగాలొచ్చాయంటారు. శిక్షణ తీసుకోనివాళ్లకు కూడా అన్నే వచ్చాయేమో చూశారా అని మాత్రం ఎవరూ అడగరు.

అయినా ఒక సంగతి విన్నవించుకోక తప్పదు. తమకు శత్రువులున్నారు. అదీ మన గడ్డ మీదే.

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అయిదు జిల్లాల్లో 500 పల్లె బడులకు లాటరీ తీశారు. కొన్నింటికి అదనంగా ఒక కాంట్రాక్టు టీచరు, కొన్నింటికి సామగ్రి కొనుక్కోవడానికి డబ్బు, కొన్నింటిలో పిల్లలు బాగా నేర్చుకుంటే టీచర్లకు బోనసు. వంద బడులకు ఇవేవీ ఇవ్వలేదు. ఇవ్వని బడికి పనిగట్టుకుని వెళ్లి పరీక్ష పెట్టడమేమిటో! తమ లెక్కలో ఆ బడి సున్నా. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆ ఆర్థికవేత్తల లెక్కలో అది లేకపోతే మిగతావాటికి అర్థమే లేదు. రెండేళ్లకు తేలిందేమిటంటే, సగటున ఏడాది జీతంలో 3 శాతం దగ్గర పడే బోనసుకే ఆ బడుల పిల్లలు లెక్కల్లో, తెలుగులో మిగతావాళ్లను దాటేశారు.

అదలా ఉంచండి. నాకు చెమటలు పట్టించింది మరొకటి. ఏ పిల్లవాడు ఎక్కడ వెనకబడ్డాడో వివరంగా రాసి టీచర్లకు రిపోర్టులిచ్చారు. అవి అందిన బడులను, అందని బడులను పక్కపక్కన పెట్టి చూశారు. ఎవరైనా వచ్చి కూర్చుని గమనిస్తున్నంతసేపూ, రిపోర్టులు అందుకున్న టీచర్లు మరింత చురుగ్గా పాఠం చెప్పారు. ఏడాది చివర పరీక్ష పెడితే మార్కుల్లో తేడా లేదు! అదే వ్యవహారం తమ చేతిలో ఉంటేనా? 'ఇన్ని వేల మంది చిన్నారులకు ప్రగతి నివేదికల పంపిణీ', ఓ సభ, ఓ శాలువా. నిక్షేపంలాంటి విజయాన్ని ఆ పోలిక కాస్తా నేలపాలు చేసింది.

తరవాత ఎనిమిది జిల్లాల్లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్‌కార్డుల మీద ఇచ్చారు. ఏ మండలానికి ముందు, ఏ మండలానికి వెనక అన్నది మళ్లీ లాటరీయే. కూలి డబ్బు త్వరగా చేతికొచ్చింది, దారిలో ఆవిరయ్యేది తగ్గింది. పైవాళ్ల చెవిన పడింది మాత్రం వేరే కథ. కార్డులతో జనం నానా ఇబ్బందీ పడుతున్నారని కింది నుంచి ఒకటే ఫిర్యాదులు. ఆపేద్దామా అన్నంతవరకూ వెళ్లింది. ఆవిరయ్యే డబ్బుతో ఎవరికి ఎంత అనుబంధముందో నేను చెప్పకూడదు. తీరా కూలీలనూ ముసలివాళ్లనూ అడిగితే, అత్యధికులు కార్డే నయమన్నారు. పథకం బతికింది. పింఛను తీసుకునే అవ్వ మాటకి స్థానిక నాయకుడి మాటకంటే విలువ ఇవ్వడం ఎక్కడి ధర్మమండీ?

2018లో తెలంగాణలో ఇంకా ఘోరం. రైతుబంధు చెక్కులు పంచుతుంటే, లాటరీలో తగిలిన మండలాల వ్యవసాయాధికారులకు 'మీ రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందా అని అడుగుతాం' అని ముందే చెప్పారు. ఆ కాస్త బెదురుకే అక్కడ చెక్కులు ఇంకొంచెం మందికి, ఇంకొంచెం త్వరగా చేరాయి. అదనంగా చేరిన ప్రతి 100 రూపాయలకూ అయిన ఖర్చు 4 రూపాయలు కూడా లేదు. 'పంపిణీ పూర్తి' అని తమరు ప్రకటించాక అందిందా అని రైతునే అడగడమంటే, తమ పరువేం కాను?

ఆ లాటరీవాళ్లూ దేవుళ్లేం కారు లెండి. అయిదు జిల్లాల్లో తేలింది ఆరో జిల్లాలో తేలకపోవచ్చు. బోనసు కథ పరిశోధన పత్రికలో అచ్చయ్యేసరికి 2011 వచ్చింది. అంత ఓపిక ఏ ప్రభుత్వానికుంటుంది? తమకు కాలం కలిసొచ్చేది అక్కడే.

అయినా నిర్లక్ష్యం పనికిరాదు. పథకం ఏదైనా సరే, ఒకే ముహూర్తానికి రాష్ట్రమంతా శాచురేషన్ పద్ధతిలో మొదలెట్టించండి. పోల్చి చూడటానికి ఒక్క మండలం కూడా మిగలకూడదు. అంతకుముందు పరిస్థితేమిటో ఎవరూ రాసి పెట్టకుండా చూసుకోండి. అప్పటికీ ఎవడైనా తగులుకుంటే 'క్షేత్రస్థాయి నుంచి వివరాలు తెప్పిస్తున్నాం' అనండి.

ఇట్లు,
తమ జాబితాలో రెండుసార్లు పేరున్న
ఒక లబ్ధిదారుడు