ఆకుకొక డాక్టరేటు

మన సీమలో క్యాన్సర్ జీవశాస్త్రంలోనూ జన్యుశాస్త్రంలోనూ పీహెచ్‌డీ చేయడానికి అవకాశాలు లేవని, కర్నూలు బస్టాండులో హైదరాబాదు బస్సు కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు యువకులు వాపోతుండగా విని, ఆ అపవాదును ఖండించడం నా ధర్మమని భావించాను. అవకాశాలు లేకపోవడమేమిటి? నల్లమలలో ఆకులన్నీ అయిపోయాయా?

విధానం తెలియనివారి కోసం వివరిస్తాను. ముందుగా ఇంతవరకు ఎవరూ పట్టించుకోని ఒక ఆకును ఎంచుకుని, నీడలో ఎండబెట్టి, పొడి కొట్టి, మిథనాల్‌లో నానబెట్టి సారం తీయాలి. పుణెలోని జాతీయ కణవిజ్ఞాన కేంద్రం నుంచి ప్రయోగశాలలో పెంచే క్యాన్సర్ కణాలను, అంటే హీలా కణాలనో ఎంసీఎఫ్-7 కణాలనో తెప్పించి, వాటి మీద ఆ సారాన్ని పోయాలి. ఆపైన ఎంటీటీ అనే పసుపుపచ్చని లవణాన్ని కలిపితే, బతికున్న కణాలు దానిని వంకాయ రంగుకు మారుస్తాయి, చచ్చినవి మార్చలేవు. ఆ వంకాయ రంగు ఎంత పలచబడితే గైడుగారి ముఖం అంత వికసిస్తుంది. మోతాదు పెంచితే కుంకుడు రసం కూడా కణాన్ని చంపుతుంది గదా అని అడిగే విద్యార్థికి పరిశోధనా దృష్టి లేదని వెంటనే గ్రహించాలి.

ఈ సంప్రదాయానికి మూలపురుషుడు, నిజం చెప్పాలంటే మూలమొక్క, బిళ్ళగన్నేరు. మధుమేహానికి మందు వెదుకుతూ 1950లలో దానిని పరీక్షించిన కెనడా శాస్త్రవేత్తలకు ఎలుకలలో తెల్ల రక్తకణాలు తగ్గిపోవడం కనిపించింది. ఆ మొక్క నుంచే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందులు వచ్చాయి, పిల్లల రక్తక్యాన్సర్‌కు విన్‌క్రిస్టిన్‌ను నేటికీ వాడుతున్నారు. ఒక్క మొక్క అంత ఘనకార్యం చేసిన పాపానికి తిప్పతీగ, నేలవేము, ఉమ్మెత్త, సీతాఫలం ఆకు ఇప్పటికీ ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నాయి.

వసతుల విషయంలోనూ మనకు లోటు లేదు. కణానికి 37 డిగ్రీలు కావాలి, జేఆర్‌ఎఫ్ అనే పరిశోధనా భృతి తెచ్చుకున్న స్కాలరుకు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు కావాలి. వీటిలో మొదటిది అనంతపురంలో మే నెల ఉచితంగానే ఇస్తుంది కనుక, కరెంటు పోయినా కణాలను పెంచే ఇంక్యుబేటరు పెట్టెకు ఇబ్బంది లేదని వాదించవచ్చు. అయితే అందులో ఉండవలసిన 5 శాతం కార్బన్ డయాక్సైడును సరఫరా చేయడానికి మే నెల ఒప్పుకోవడం లేదు. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే రోగి కణితి నుంచి తీసిన హీలా కణాలు దాదాపు రోజుకొకసారి రెట్టింపవుతూ నేటికీ బతికే ఉన్నాయి, స్కాలరుకు మాత్రం యూజీసీ 2022 నిబంధనలు ఆరేళ్ళ గడువు పెట్టాయి.

ఇక జన్యుశాస్త్రం. రొమ్ము క్యాన్సర్ కొన్ని కుటుంబాలలో తరతరాలుగా రావడానికి కారణమైన జన్యువు 17వ క్రోమోజోము మీద ఉందని అమెరికా జన్యుశాస్త్రవేత్త మేరీ-క్లెయిర్ కింగ్ 1990లో చూపించింది వంశవృక్షాలు పట్టుకునే. పెళ్ళిచూపులలో ఎదుటివారి ఏడు తరాలను కాగితం లేకుండా అప్పజెప్పే ముసలమ్మలు మన దగ్గర వీధికి నలుగురున్నారు. పైగా మేనరికాలు మన ఇళ్ళలో కొత్త కాదు. మేనమామను చేసుకున్న పిల్ల కడుపున పుట్టిన బిడ్డకు సగటున ఎనిమిదింట ఒక వంతు జన్యుస్థానాలలో రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుంచి వస్తాయని, రక్తక్యాన్సర్ ముప్పును పెంచే ఫ్యాంకోని రక్తహీనత వంటి జబ్బులు అటువంటి చోట బయటపడే అవకాశం ఎక్కువని పాఠ్యపుస్తకాలే చెబుతాయి. కానీ ముసలమ్మలను నీడలో ఎండబెట్టడం కుదరదు, మిథనాల్‌లో నానబెట్టడం అసలే కుదరదు. అందుచేత ఈ మార్గాన్ని మన పండితులు దూరదృష్టితో విడిచిపెట్టారు.

మొన్న ఆదివారం ఒక స్కాలరు సంచీ పట్టుకుని మా ఇంటికి వచ్చి, పెరట్లోని గోరింటాకు కోసుకుంటానని వినయంగా అడిగాడు. కోసుకొమ్మని, మాటవరసకు, మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చిందా నాయనా అని అడిగాను.

"మా అవ్వకొచ్చింది సార్, మా చిన్నమ్మకూ వచ్చింది, ఇద్దరికీ రొమ్ములోనే," అన్నాడు కొమ్మ వంచుతూ. ఒక క్షణం ఆగి, ఆందోళనగా నా వైపు తిరిగాడు.

"ఈ చెట్టుకు మందు కొట్టలేదు కదా సార్?"