వడ్డీకాసుల ప్రోగ్రామర్లు

కొండ మీది సామి పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసినాడనీ, కలియుగం పొడుగునా వడ్డీ కడుతూనే ఉన్నాడనీ తిరుపతిలో ఏ పిల్లోణ్ణి అడిగినా చెబుతాడు. 1992లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికా ప్రోగ్రామర్ తొందరగా రాసిన కోడ్‌ను అప్పుతో పోల్చి, తీర్చకుంటే వడ్డీ మీద పడుతుందన్నాడు. మనకిది పాత కథే. అయినా బెంగళూరు ఉద్యోగాన్ని మిద్దె మీద కూర్చుని చేసుకుంటున్న మన ఊరి ప్రోగ్రామర్ల వాలకం చూస్తే, ప్రజాప్రయోజనం కోరి వాళ్లను కొండకు పోయే తీరును బట్టి వర్గీకరించక తప్పడం లేదు.

అందరికన్నా ఎక్కువ మంది మొక్కుల రకం. పని తెగకపోతే కోడ్ పక్కనే 'టూడూ: తర్వాత సరిచేయాలి' అని కామెంట్ రాసి దణ్ణం పెట్టేస్తారు. ఈ మొక్కు ఖాళీ క్యాచ్ బ్లాకులో, అంటే ఎర్రర్‌ను పట్టుకుని ఏమీ చేయని చోట, ఉంటే ఇక చూసుకోండి. పేమెంట్ సర్వర్ నుంచి టైమౌట్ వస్తుంది, క్యాచ్ దాన్ని చప్పుడు లేకుండా మింగుతుంది, కింది లైను 'ఆర్డర్ విజయవంతం' అని రాసేస్తుంది. డబ్బు పడిందో లేదో తెలీదు, ఏం జరిగిందో రాసుకునే లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. చేయాల్సింది ఇదీ: ఎర్రర్‌ను లాగ్ చేసి, ఆర్డర్‌ను పెండింగ్‌లో పెట్టి, డబ్బు పడిందా అని పేమెంట్ సర్వర్‌ను మళ్లీ అడగాలి. మిగతా టూడూలను గ్రెప్ అనే వెతికే కమాండుతో ఏరి, ఏ లైను ఎవరు రాసినారో చెప్పే గిట్ బ్లేమ్‌ను ఒక్కోదాని మీద నడపాలి. లైను ముందు ఖాళీలు మాత్రమే సర్దిన అమాయకుడు ఇరుక్కోకుండా, ఆ ఖాళీలను లెక్కచేయని -డబ్ల్యూ చేర్చితే అసలు మొక్కినవాడు బయటపడతాడు. పనుల జాబితాలో టికెట్ నంబరు లేని టూడూను, పక్కవాళ్లు కోడ్ చూసే రివ్యూలోనే ఆపాలి. ఏడాది దాటినదాన్ని చేసేయాలి, లేదంటే తుడిచేయాలి. ముడుపు కట్టి హుండీలో వేయకుండా ఇంట్లో పెట్టుకుంటే ఏమవుతుందో మీ అవ్వనడగండి.

బ్రేక్ దర్శనం రకానికి క్యూ అంటే పడదు. రివ్యూ లేకుండా నేరుగా మెయిన్‌కు, అంటే అందరూ వాడే అసలు కోడ్‌కు, పుష్; అడ్డొస్తే సర్వర్‌లో ఉన్నదాన్ని చెరిపి తోసే ఫోర్స్ పుష్. పక్కవాడు పొద్దున పెట్టిన కమిట్లు, అంటే వాడు చేర్చిన మార్పులు, గోవిందా! మెయిన్‌కు బ్రాంచ్ ప్రొటెక్షన్ పెట్టి, ఒక్క అప్రూవలైనా లేనిదే వాకిలి తీయకూడదు. సొంత బ్రాంచిలో, అంటే మన పనికి విడిగా తీసుకున్న పాయలో, తప్పనిసరైతే ఫోర్స్-విత్-లీజ్ వాడాలి. మనం చివరిసారి తెచ్చుకున్నాక సర్వర్‌లో ఇంకొకరిది చేరి ఉంటే అది వెనక్కి పంపేస్తుంది. కాకపోతే ఎడిటర్ తనంతట తాను సర్వర్ నుంచి కొత్తవి తెచ్చే ఫెచ్ చేస్తుంటే, మనం కంటితో చూడని కమిట్లను కూడా చూసినట్టే లెక్కేసి దారిస్తుంది. ఆ ఆటో ఫెచ్ ఆపుకోవాలి.

మెట్లపూజ రకం సాధువులు. అలిపిరి 3,550 మెట్లకూ పసుపు కుంకుమ పెట్టినట్టు లైనుకో కామెంట్ పెడతారు: 'కౌంట్‌కు 1 కలుపుతున్నాం'. అది కోడే చెబుతోంది కదా సామీ! మళ్లీ ప్రయత్నించడం మూడుసార్లకే ఎందుకు ఆపినావో, అది రాయి.

గుండు రకంతోనే భయం. పాత కోడ్ కంటపడితే చాలు, కల్యాణకట్టకు లాక్కుపోతారు. వికారంగా కనిపించే ప్రతి ఇఫ్ షరతు వెనకా ఎప్పుడో తగిలిన దెబ్బ ఉంటుంది: ఇంటిపేరు లేని కస్టమర్, ఫిబ్రవరి 29, రెండుసార్లు నొక్కిన బటన్. అంతా గీసేసి కొత్తగా రాస్తే ఆ దెబ్బలన్నీ వరసగా మళ్లీ తినాలి. నెట్‌స్కేప్ బ్రౌజర్ వాళ్లు 1997లో 4వ వెర్షన్ విడుదల చేసి, ఆనక మొదటినుంచీ రాయడానికి కూర్చున్నారు. 5 రానే లేదు. 6 వచ్చేసరికి 2000 నవంబరు. కత్తి పట్టేముందు పాత ఫంక్షన్‌కు నిజమైన ఇన్‌పుట్లు ఓ యాభై ఇచ్చి, వచ్చిన జవాబులను, తప్పని తోచినవాటితో సహా, టెస్టులుగా రాసిపెట్టుకోవాలి. తర్వాత ఒక్కో ఫంక్షనే మార్చాలి, మార్చినప్పుడల్లా టెస్టులు నడపాలి. అప్పటికీ గుండే కావాలని పట్టుబడితే మూడు కత్తెర్లతో సరిపెట్టుకోమనండి. సామి అదీ స్వీకరిస్తాడు.