కాకరకాయ, 115వ సెక్షను

(తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మిద్దిల్లు. మధ్యాన్నం ఒంటిగంట. ఆయన చేతిలో ప్లీడరు పంపిన నోటీసు కాపీ. ఆమె చేతిలో గరిటె.)

ఆయన: మే, ప్లీడరుకు ఫోను చెయ్యి. టైపులో తప్పు పడింది. కింది పోర్షను బాడుగాయన 'ఎస్టాప్డ్' అంట. స్టాప్డ్‌కు ముందర 'ఇ' ఎవురు కొట్టమన్నారు?

ఆమె: తప్పు కాదు మామా. ఎస్టాప్ అని వేరే మాటే ఉండాది. పెళ్లికి ముందు చిత్తూరు కోర్టు కాడ మూడేండ్లు టైపు కొట్టినదాన్ని, నాకు తెలీదా?

ఆయన: రెండూ ఒకటే కదా?

ఆమె: రెండూ ఒక కడుపున పుట్టినవే. లాటిన్లో స్టుప్పా అంటే నార పీచు. కంతలో పీచు కుక్కి మూసేదాన్నుంచి వచ్చినాయి. స్టాప్ రోడ్డు మీదికొచ్చింది, ఎస్టాప్ కోర్టులోనే ఉండిపోయింది. స్టాప్ అంటే బస్సు నిలబడతాది. ఎస్టాప్ అంటే నోరు మూతపడతాది.

ఆయన: ఎవురి నోరు?

ఆమె: ముందొకటి చెప్పి తర్వాత కాదనేవాళ్లది. నిన్ను ఓనరని ఒప్పుకొని బాడుగకు దిగినాయన, ఆ ఇంట్లోనే ఉంటా, 'ఇల్లు అప్పుడు నీది కానేకాదు' అంటే కోర్టు వినదు. 1872 ఎవిడెన్సు యాక్టులో అది 116వ సెక్షను. 2024 జులై 1 నుంచి దాని బదులొచ్చిన సాక్ష్య అధినియంలో 122.

ఆయన: బలే మాట! వానికి కావాల్సిందే.

(పక్కోడి నోరు మూతపడతాదంటే ఈ మనిషికుండే సంతోషం చూడాల. అది కంచం ముందుకొచ్చేదాకానే.)

ఆయన: మళ్లా కాకరకాయేనా? నాకొద్దు. అదెప్పుడూ నాకు గిట్టదు.

ఆమె: (గరిటె ఎత్తి) యూ ఆర్ ఎస్టాప్డ్!

ఆయన: నేనా?

ఆమె: మన పెళ్లి మాటలనాడు మాయమ్మ కాకరకాయ పులుసు పోస్తే, 'అత్తా, నాకిదంటే ప్రాణం' అని మూడుమార్లు పోయించుకుంటివా లేదా?

ఆయన: అది మర్యాదకు...

ఆమె: మర్యాదకో దేనికో. పాత 115, ఇప్పుడు 121. కావాలని ఒక మనిషిని నమ్మించినావు. ఆ మనిషి నమ్మింది. నమ్మి మిద్దె మీద పందిరేసింది, విత్తనాలు కొనింది, ఇరవై రెండేండ్లు నీళ్లు మోసింది. ఇంగ నువ్వు కాదనేదానికి లేదు.

ఆయన: నిజం చెప్తా ఉండా కదే! నాకు చేదు!

ఆమె: నిజమైనా అంతే. ఇంగ్లండులో జడ్జిగా చేసిన ఎడ్వర్డ్ కోక్ 1628లోనే రాసిపెట్టినాడు, మనిషి చేసిన పనే వాని నోరు మూస్తాది, నిజం చెప్పేదానికి కూడా తెరవనీదు అని.

ఆయన: ఆయప్పకు రోజూ కాకరకాయ పెట్టేవాళ్లు లేరు. ఏమైనా రాస్తాడు.

ఆమె: గమ్మున తిను.

ఆయన: అసలు నువ్వు నమ్మినావనేదానికి సాక్ష్యమేంది?

ఆమె: ఎందుకు నమ్మను? కొత్తలో గిన్నెలకు గిన్నెలు ఖాళీ చేస్తా ఉంటివి. పక్కింటి ఆవుకు పెడితే ఖాళీ కాక ఏమైతాయి! గోడ మీదినుంచి నువ్వు వొంపేది పెళ్లయిన వారానికే చూసినా.

ఆయన: చూసినావా?

(ఆమె నాలుక కరుచుకుంది.)

ఆయన: వారానికే చూసినదానివి, నమ్మిందెప్పుడు? నమ్మకుండా 115 యాడిది, 121 యాడిది?

ఆమె: (కంచం ఎత్తేస్తా) సరే మామా, కేసు నువ్వే గెలిచినావు.

ఆయన: మరి అన్నంలోకి?

ఆమె: డిక్రీ కలుపుకో.