సముద్రం అడ్డురాని సముద్రయానం

క్రూయిజ్‌కి, అంటే ఓడ మీద విహారయాత్రకి, వెళ్దామనుకునే తెలుగు కుటుంబం అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఏ ఓడ ఎక్కితే సముద్రం బెడద తక్కువ? కంపెనీలను పక్కపక్కన పెట్టి పోల్చే పట్టికల్లో ధర, రాత్రుళ్లు, రేవులు, పిల్లల క్లబ్బులు అంటూ గళ్ళు చాలానే ఉంటాయి గానీ ఈ గడి మాత్రం ఎవరూ గీయలేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ వ్యాసం. ఉప్పుగాలి, హోరు, వికారం, ఎటు చూసినా ఏమీ లేని నీలం. వీటి నుంచి ప్రయాణికుణ్ణి ఏ కంపెనీ ఎంత శ్రద్ధగా కాపాడుతోందో అదే ఇక్కడ కొలమానం. సముద్రయానం చేసినవాడు పతితుడవుతాడని బోధాయనుడు ధర్మసూత్రాల్లో రాశాడు. ఇవాళ్టి ఓడలు చూసి ఉంటే ఆయనే ఒక సవరణ జారీ చేసేవాడు. యానం జరుగుతోంది సరే, సముద్రం తగిలిందని సాక్ష్యమేదీ?

ఈ లెక్కన మొదటి ర్యాంకు రాయల్ కరీబియన్‌దే. 2024 జనవరిలో మయామీ నుంచి తొలి ప్రయాణం చేసిన వారి ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ పొడవు 365 మీటర్లు, అంతస్తులు 20, టన్నేజీ 2,48,663. టైటానిక్ టన్నేజీ 46,328. అంటే అలాంటివి ఐదు మింగినా దీనికి ఇంకా ఆకలి తీరదు. (టన్నేజీ అనగానే బరువనుకుని రాసేస్తుంటారు. అది ఓడ లోపలి జాగాను కొలిచే లెక్క. జాగాను టన్నుల్లో అమ్మే తెలివి మన రియల్ ఎస్టేటు వాళ్లకు ఇంకా రాలేదు, సంతోషించండి.) నిండా ఎక్కితే 7,600 మంది ప్రయాణికులు, వాళ్లకు సేవ చేయడానికి 2,350 మంది సిబ్బంది. ఏడు ఈతకొలనులు, ఆరు నీటి జారుడుబండలు, మంచు మీద జారే రింకు, రంగులరాట్నం, గాజుగుమ్మటం కింద 55 అడుగుల జలపాతం. ఇన్ని నీళ్లు లోపలే ఉండగా బయట నీళ్లతో మనిషికి పనేమిటన్నది కంపెనీ వారి సూటి ప్రశ్న. దానికి నా దగ్గర జవాబు లేదు.

అయినా ఐకాన్‌ను మించిన ఆవిష్కరణ వీళ్లే 2009లో ‘ఒయాసిస్ ఆఫ్ ది సీస్’లో చేసి చూపించారు. ఓడను నడిమధ్య చీల్చి, ఆ సందులో నిజం మొక్కలతో ఒక పార్కు వేసి, కొన్ని గదుల బాల్కనీలను ఆ పార్కు వైపు తిప్పారు. డబ్బు కట్టి బాల్కనీ గది తీసుకుంటారు, పొద్దున్నే కాఫీ కప్పుతో బయటికొస్తారు, ఎదురుగా ఇంకో బాల్కనీ, దాని మీద ఆరేసిన తువ్వాలు, తువ్వాలు వెనక మనలాగే కాఫీ కప్పుతో ఇంకొకాయన. కూకట్‌పల్లి అపార్టుమెంటులో ఉచితంగా దొరికే ఈ దృశ్యాన్ని కరీబియన్ సముద్రం నడిబొడ్డున అందించడం మాటలా? ఇల్లు విడిచి వచ్చిన దిగులు ఇట్టే పోతుంది.

డిస్నీ వారి పద్ధతి వేరు. 2011లో వచ్చిన ‘డిస్నీ డ్రీమ్’లో కిటికీ లేని లోపలి గదులకు గోడమీద గుండ్రటి తెర పెట్టారు. ఓడ బయట కెమెరాలు తీసే సముద్రం అందులో ఎప్పటికప్పుడు కనబడుతుంది. ఉత్త సముద్రమే అయితే పిల్లలు విసుక్కుంటారని మధ్యమధ్య కార్టూన్ బొమ్మలు ఈదుకుంటూ వెళ్తాయి. ఆ గదుల్లోని పిల్లలు ఆ తెర వదిలి బయట డెక్కు మీదకు రావడానికి మొరాయించారంటే వాళ్లను తప్పు పట్టలేం. డెక్కు మీద సముద్రం ఉంది, బొమ్మలు లేవు. రాయల్ కరీబియన్ వారు దీన్ని చూసి ఊరుకోలేక కొన్ని ఓడల్లో తెరనే నేల నుంచి పైకప్పు దాకా పెంచి దానికి ‘వర్చువల్ బాల్కనీ’ అని పేరు పెట్టారు. రెయిలింగు కూడా అందులోనే, బొమ్మగా. పిల్లాడు ఎక్కి దూకుతాడన్న భయం లేదు.

ఇక క్యూనార్డ్. వీరి ‘క్వీన్ మేరీ 2’ 2004 నుంచి సౌతాంప్టన్, న్యూయార్క్ మధ్య తిరుగుతోంది. ఏడు రాత్రుళ్లు, దారిలో రేవు లేదు, అంతా అట్లాంటిక్కే. నా కొలమానం ప్రకారం ఇది ప్రమాదకరమైన ఓడ, ఎందుకంటే సముద్రం తప్పించుకోలేనంత ఉంది. అయినా వాళ్లు చేతులెత్తేయలేదు. సాయంత్రం గాలా విందుకు మగవాళ్లు సూటు వేసి బో టై గానీ మామూలు టై గానీ కట్టుకోవాలి. ఆ ముడి సరిగా వచ్చేసరికి సూర్యాస్తమయం అయిపోతుంది, చూడాల్సిన పని తప్పుతుంది. ఆ తరువాత ప్లానెటేరియం. అవును, ఓడలోనే. వందల మైళ్ల మేర ఒక్క వీధిదీపం కూడా లేని చోట, ఆకాశం నిండా నక్షత్రాలు పెట్టుకుని, జనం చీకటి గదిలో కూర్చుని పైకప్పు మీద నక్షత్రాలు చూస్తారు. కుక్కలకు కూడా వసతి ఉంది. ఇంగ్లండు కుక్కలకు అలవాటైన దీపస్తంభం ఒకటి, అమెరికా కుక్కలకు అలవాటైన అగ్నిమాపక పంపు ఒకటి డెక్కు మీద పాతారు. పరాయి సముద్రం మీద కాలెత్తడానికి కుక్కకు కూడా పరిచయమైన వస్తువు కావాలని గ్రహించిన ఏకైక కంపెనీ ఇది.

వర్జిన్ ఓడలవాళ్లు పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను ఎక్కనివ్వరు. అది పిల్లల బెడద తీర్చే ఉపాయం. మన చర్చనీయాంశానికి సంబంధం లేదు.

బెడదల్లో సముద్రం తరువాతిది తోటి ప్రయాణికుడు. దానికి నార్వీజియన్ వారు ‘హేవెన్’ అనీ, ఎం.ఎస్.సి. వారు ‘యాట్ క్లబ్’ అనీ ఓడలోనే ఇంకో ఓడ కట్టారు. కార్డు గీస్తేనే తలుపు తెరుచుకుంటుంది. వేరే కొలను, వేరే భోజనశాల, వేరే డెక్కు. టైటానిక్‌లో మూడు తరగతులుండేవని సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లే ఈ గదులు ముందు బుక్ చేస్తున్నారు. పేదోళ్లను గేటు అవతల ఆపడం అప్పట్లో అమానుషం, ఇప్పుడు ప్యాకేజీ.

ఇక్కడ భౌతికశాస్త్రం మాత్రం కాస్త వర్గస్పృహతో ప్రవర్తిస్తుంది. ఓడ ఊగినప్పుడు పై అంతస్తులూ, ముందు కొసా వెనక కొసా ఎక్కువ ఊగుతాయి, కింద నడిమధ్యన తక్కువ. కడుపులో తిప్పకుండా ఉండాలంటే కింది అంతస్తులో మధ్యగది మేలు. అవి తరచు చవక గదులే. పదింతలు కట్టి పైన సూట్ అనే పెద్ద గది తీసుకున్నవాడు రాత్రంతా సముద్రాన్ని అనుభవిస్తాడు. చవక గదివాడు గురక పెడతాడు.

మరి సముద్రం ఎవరికీ అక్కర్లేదా అంటే, ఇద్దరికి కావాలి. ఒకటి క్యాసినో. రేవులో ఉన్నంతసేపు సాధారణంగా దానికి తాళమే. ఒడ్డు చట్టం చెయ్యి అందనంత దూరం పోయాక తీస్తారు. రెండోది ఆడిటరు. కార్నివాల్, రాయల్ కరీబియన్, నార్వీజియన్ ఈ మూడు గుంపుల ప్రధాన కార్యాలయాలూ మయామీలోనే. కానీ కంపెనీలుగా మొదట నమోదైంది వరసగా పనామా, లైబీరియా, బెర్ముడాల్లో. ఓడ వెనక భాగాన ‘నసావు’ అని బహామాస్ రాజధాని పేరు రాసి ఉంటే అది ఆ దేశపు జెండా కట్టుకున్నదని అర్థం. పుట్టింది ఫిన్లండులో, కాపురం ఫ్లోరిడాలో, రేషను కార్డు నసావులో. పన్ను కట్టాల్సిన దేశమేదో దుర్భిణీ పెట్టి చూసినా ఆనదు.

అమెరికా వాళ్లూ దీనికి 1886లోనే ఒక చట్టం చేసి పెట్టుకున్నారు. పరాయి జెండా ఓడ తమ రేవులో ఎక్కించుకున్న మనుషుల్ని మధ్యలో పరాయి దేశాన్ని ముట్టకుండా తమ రేవుల చుట్టూ తిప్పకూడదు. అందుకే సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళే ఓడలు కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి, చాలాసార్లు సాయంకాలంపూట నాలుగు గంటలసేపు. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఈ ఓడలే ఎక్కిస్తారు. ఆ పెద్దవాళ్లు విక్టోరియాలో దిగి, ఒక ఫొటో దిగి, కెనడా కూడా చూశామని అనకాపల్లిలో చెప్పుకోగలగడం ఆ పాత చట్టం పుణ్యమే.

కంపెనీలను పోల్చుకునే శ్రమ గురించి ఒక మాట చెప్పాలి. కార్నివాల్ చౌకబారుగా ఉందని ప్రిన్సెస్‌కి, ప్రిన్సెస్‌లో ముసలివాళ్లెక్కువని హాలండ్ అమెరికాకి, అదీ నచ్చక క్యూనార్డ్‌కి వెళ్ళి, అలిగి చివరికి ఇటలీ వాళ్ల కోస్టా ఎక్కినవాడు కార్నివాల్ కార్పొరేషన్ అనే ఒకే ఇంట్లో ఐదు గదులు తిరిగాడు. గల్లా ఒక్కటే.

మన కుటుంబాల్లో ఈ పోలికంతా ఎలాగూ మూడో నిమిషానికి అన్నం దగ్గరికి చేరుతుంది. చాలా కంపెనీలు ఇంట్లో వండినవి రానివ్వవు, సీలు విప్పని ప్యాకెట్లయితే పోనిమ్మంటాయి. కాబట్టి ఆవకాయ కొన్నదై ఉండాలి, అత్తయ్యగారు పెట్టినదైతే నిషిద్ధ పదార్థం. కెటిల్, ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కరు కత్తులతోపాటు ఒకే జాబితాలో ఉంటాయి. ఆ మధ్య డాలస్ నుంచి కారేసుకుని గాల్వెస్టన్ వెళ్ళి ఓడెక్కిన ఒక ఇంటివారి సంభాషణ నా చెవిన పడింది.

“మామయ్యగారూ, రేపు సీ డే. అంటే రోజంతా సముద్రంలోనే ఉంటాం.”

“మరి ఇవాళ ఎక్కడున్నాం అల్లుడుగారూ?”

“ఇవాళ కూడా సముద్రమేనండీ. కానీ రేపు దిగడానికేం ఉండదు.”

“పప్పు ఉంటుందా?”

ఉంటుంది. రాత్రి భోజనాల దగ్గర హెడ్ వెయిటర్‌కి చెప్పిపెడితే మర్నాటికి పప్పూ, అన్నం, కూర ఏర్పాటు చేస్తారు. ఆ వెయిటరు తరచు గోవావాడో, ముంబైవాడో, కేరళవాడో అయి ఉంటాడు. నెలల తరబడి ఇంటిమొహం చూడకుండా ఆ ఓడమీదే ఉంటాడు. సముద్రయానం నిజంగా చేస్తున్నది అతనొక్కడే. అతనికి చేరాల్సిన టిప్పు కూడా రోజుకు మనిషికి 15 నుంచి 20 డాలర్ల దాకా మన బిల్లులోనే కలిపేస్తారు. అంటే జీతాల పద్దులో చాలాభాగం మన పద్దులోకి మార్చి, దానికి కృతజ్ఞత అని పేరు పెట్టారు.

మన తీరానికీ ఈ భాగ్యం దక్కింది. కార్డీలియా అనే క్రూయిజ్ కంపెనీ వారి ‘ఎంప్రెస్’ 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖ వచ్చింది. ఈ ఓడ 1990లో రాయల్ కరీబియన్ వారింట ‘నార్డిక్ ఎంప్రెస్’గా పుట్టి, ‘ఎంప్రెస్ ఆఫ్ ది సీస్’గా మారి, స్పెయిన్ వాళ్ల దగ్గర కొన్నాళ్లుండి, మళ్ళీ పాత పేరుతో పాతింటికి వెళ్ళి, ఆఖరికి మన దగ్గరకు వచ్చింది. టన్నేజీ సుమారు 48,500, అంటే టైటానిక్ కంటే ఓ పిసరు పెద్దది. ఈ సంగతి ప్రకటనల్లో ఎందుకో వేసుకోరు. 2023లో విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభించారు. ఎక్కినవాళ్లు లోపల డీజే, బఫే, జైన భోజనం కౌంటరు చూసుకుంటున్న వేళ, బీచి రోడ్డు మీద మరమరాల పొట్లంతో నిలబడ్డవాళ్లకు ఓడా సముద్రమూ రెండూ కలిపి కనిపించాయి, పైసా ఖర్చు లేకుండా.

ఈ తీరానికి ఓడలు కొత్తేం కాదు. కాకినాడ, కోరంగి, భీమునిపట్నం, విశాఖల నుంచి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళిన తెలుగు కూలీలు వేలకువేలు. ఆ రోజుల్లో బంగాళాఖాతం మీద రాజ్యం బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది. వాళ్ల టిక్కెట్టులో డెక్కు ప్యాసింజరు అనే తరగతి ఉండేది. పైన ఆకాశం, పక్కన మూట, కింద ఇనుప రేకు. బాల్కనీ అక్కర్లేదు, వద్దన్నా సముద్రం ఒళ్ళో పడేది. 1914లో ఆ కంపెనీ పి. అండ్ ఓ. అనే ఇంకో బ్రిటిష్ ఓడల కంపెనీలో కలిసింది. పి. అండ్ ఓ. వారి విహార నౌకల వ్యాపారం చేతులు మారి 2003లో కార్నివాల్ గూట్లో చేరింది. ఇవాళ అదే పి. అండ్ ఓ. పేరుతో సౌతాంప్టన్ నుంచి తిరిగే ‘అయోనా’లో సొంతంగా జిన్ను అనే మద్యం కాచుకునే బట్టీ ఉంది. రంగం కూలీ మునిమనవడు సాఫ్ట్‌వేరు డబ్బుతో దాని బాల్కనీ గది తీసుకుంటే మాత్రం సముద్రం మీద గాలికి అదనంగా కట్టాలి. ముత్తాతకు అది టిక్కెట్టులోనే కలిపి ఇచ్చారు.

ఇన్నీ చూశాక కూడా ఏ ఓడా నూటికి నూరు మార్కులు తెచ్చుకోలేకపోయింది. ఎంత కప్పినా ఏదో ఒక సందులోంచి కాస్త నీలం కనబడుతూనే ఉంటుంది. కనుక నా తుది సిఫార్సు గుజరాత్‌లో పాత ఓడల్ని విరగ్గొట్టే తీరం, అలంగ్. ముంబై నుంచి విహారాలు నడుపుదామని 2019లో మొదలైన జలేష్ కంపెనీ మరుసటి ఏడే మూతపడితే, దాని ‘కర్ణిక’ అనే ఓడ అక్కడికే చేరింది. పోటు మీద ఓడను తీసుకొచ్చి బురద ఒడ్డుకు ఎక్కించి ముక్కలు కోస్తారు. లోపలి మంచాలు, సోఫాలు, కప్పులు, అద్దాలు అలంగ్ రోడ్డు పొడుగునా సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో అమ్ముతారు. ఒక డెక్కు కుర్చీ, రెండు పింగాణీ ప్లేట్లు లారీలో వేయించి హైదరాబాదు తెప్పించుకోండి. టీవీలో సముద్రం పెట్టండి. పప్పుకు ముందురోజు చెప్పక్కర్లేదు, ఆవకాయ అత్తయ్యగారిదే, రైస్ కుక్కరు మీద నిషేధం లేదు. ఒక్క నిబంధన మాత్రం పాటించాలి. వండి వడ్డించినవారికి రోజుకు మనిషికి 18 డాలర్ల లెక్కన టిప్పు. పెళ్ళైన నాటి నుంచి బకాయిలు కూడా కలిపి బిల్లు చేస్తే ఏం చేయాలో ఏ కంపెనీ నిబంధనల్లోనూ రాయలేదు.