వడదెబ్బ వర్క్‌షాప్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఒకరోజు వర్క్‌షాప్ గారికి నమస్కరించి రాయునది.

నిన్న మీ సన్నిధిలో గడిపి వచ్చాను. 'వడగాడ్పుల సన్నద్ధత: శాస్త్రవేత్తలు, విధాన నిర్ణేతల సమన్వయం' అని ఫ్లెక్సీ మీద మీ పూర్తి నామధేయం చదువుకున్నాను. పదిన్నరకన్న సభకు ముఖ్య అతిథి పన్నెండుకు వచ్చారు. మామూలే, నొచ్చుకోలేదు. హాల్లో ఏసీ 18లో పెట్టారు. మే నెలలో, వడదెబ్బ మీద సభలో, శాలువాలు కప్పుతుంటే మొదట నవ్వొచ్చింది. గంట గడిచాక కప్పించుకున్నవాళ్లను చూసి కుళ్లుకున్నాను.

నా గొడవ అది కాదు. ముఖ్య అతిథి గారు జ్యోతి వెలిగించారు. శాస్త్రవేత్తలూ పాలకులూ చేయీ చేయీ కలిపి నడవాలని సెలవిచ్చారు. మెమెంటో పుచ్చుకుని, ఫొటో దిగి, వేరే మీటింగ్ ఉందని వెళ్లిపోయారు. ఆయన వెంట పీఏ, పీఏ వెంట ఫొటోగ్రాఫరు, ఆ వెనకే హాల్లో ముందు వరసలు రెండూ. అప్పుడు మొదలైందండీ సైన్సు! చేయి కలుపుదామంటే అవతలి చేయేదీ? ఎండల మ్యాపులు గీసినవాళ్లు, పక్క ల్యాబులో మ్యాపులు గీసేవాళ్లకు తమ మ్యాపులు చూపించారు. వాళ్లు రిజల్యూషన్ ఎంతని అడిగారు, వీళ్లు చెప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు. తాళి కట్టకుండానే ఇంకో ముహూర్తముందని పెళ్లికొడుకు కారెక్కినా, భోజనాలు మాత్రం వేళకు వడ్డించే పెళ్లి మీది.

శాస్త్రవేత్తలనూ వెనకేసుకు రాలేను. స్లైడు తర్వాత స్లైడు, 2070లో ఎండలెలా ఉంటాయనే. వినాల్సిన అధికారికేమో బదిలీ జూన్‌లో.

భోజనాలయ్యాక, సగం కుర్చీలు ఖాళీ అయ్యాక, వెనక నుంచి ఒక పంచాయతీ కార్యదర్శి లేచారు. "సార్, మా ఊళ్లో కరువు పనికి వచ్చేవాళ్లను ఎన్నింటికి ఇంటికి పంపమంటారు? పదకొండుకు పంపితే చేయాల్సిన పని కొలత రాదు, కూలి తగ్గుద్ది. ఒంటిగంట దాకా ఉంచితే మనిషే పడిపోతాడు. ఒక టైము చెప్పండి సార్, చాలు" అన్నారు.

శాస్త్రవేత్త గారు తేమ గురించి, అనిశ్చితి గురించి వివరించి, నిర్ణయాలు తమ పరిధి కాదన్నారు. మిగిలి ఉన్న ఒక్క చిన్న అధికారి, పైనుంచి ఉత్తర్వులు రావాలన్నారు. ఇంతలో టీ వచ్చింది.

టీ ఏంటండీ, టీ! 2015 మే నెల ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి ప్రభుత్వ లెక్కల్లోనే 1,500 మందికి పైగా పోయారు. ఆ తర్వాత మీరెన్ని ఊళ్లలో, ఎన్ని హోటళ్లలో వెలిశారో! మీ కడుపున పుట్టే వడగాడ్పుల ప్రణాళికల జాతకమూ చూశాం. 2023లో సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ అనే ఢిల్లీ పరిశోధన సంస్థ వాళ్లు దేశంలోని 37 ప్రణాళికలు ముందేసుకుని చదివితే, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పినవి 3. ఎవరికి ముప్పెక్కువో లెక్కగట్టినవి 2. మిగతావాటిలో ఏముందంటారా? మజ్జిగ తాగమని ఉంటుంది. కరువు పనికి పోయే మనిషికి ఆ సంగతి మీరు చెప్పాలా?

మీరు ఎందుకూ పనికిరానివారైతే ఇంత కడుపుమంట ఉండేది కాదు. 2010 మేలో అహ్మదాబాద్‌లో మామూలు కంటే 1,300కు పైగా ఎక్కువ చావులు నమోదయ్యాయి. నగరపాలక సంస్థ వాళ్లూ, గాంధీనగర్ ప్రజారోగ్య సంస్థ పరిశోధకులూ ఒక బల్ల చుట్టూ కూర్చుని, చావుల లెక్కనూ ఎండ లెక్కనూ పక్కపక్కన పెట్టుకున్నారు. ఎన్ని డిగ్రీలు దాటితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో తేల్చి 2013లో రాసిపెట్టుకున్నారు. వాళ్లూ మీటింగులే పెట్టారు. కాకపోతే లేచి వెళ్లిపోలేదు.

అందుకని ఒక మనవి. మీ మినిట్స్, అదే సభలో ఏం జరిగిందో రాసిన కాగితాలు, ఇంకా ఎక్కడికీ వెళ్లి ఉండవు. 'ఫలవంతమైన చర్చ జరిగింది' అన్న ముక్క కొట్టేసి, అక్కడ ఆ కార్యదర్శి గారి ప్రశ్న రాయండి. పక్కన ఒక టైము వేయండి. పదకొండో, పదకొండున్నరో, తప్పయితే వచ్చే ఏడు దిద్దుకోవచ్చు. కొలత తగ్గినా కూలి తగ్గదని ఇంకో వాక్యం చేర్చండి. కింద శాస్త్రవేత్త సంతకం ఒకటి, అధికారి సంతకం ఒకటి. రెండో సంతకానికి ఆయన దొరక్కపోతే, ఏ మీటింగులో జ్యోతి వెలిగిస్తున్నారో కనుక్కుని అక్కడికే పట్టుకెళ్లండి.

ఇట్లు,
మీ హాజరు పట్టీలో ఒక స్టేక్‌హోల్డరు