పాత లైసెన్సు కాగితాన్ని గడువు దాకా ఉండనివ్వాలి

బ్రిటన్‌లో 1998కి ముందు జారీ అయిన, ఫోటో లేని డ్రైవింగ్ లైసెన్సు కాగితాలు ఇప్పటికీ చెల్లుతాయి. పేరు, చిరునామా మారనంత కాలం డెబ్బై ఏళ్లు నిండేదాకా వాటిని అలాగే దగ్గర ఉంచుకోవచ్చు. కార్డుగా మార్చుకోవాలన్న నిర్బంధం లేదు. 1997 చివర్లో పదిహేడేళ్ల వయసులో లైసెన్సు పొందినవారి కాగితం, లెక్క ప్రకారం, 2050 దాకా చెల్లుబాటులో ఉంటుంది. ఫోన్‌లో చూపించుకునే డిజిటల్ లైసెన్సును తెస్తామని అక్కడి ప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించింది. అది ఐచ్ఛికమేనని చెప్పింది కూడా. ఆ మాట మీద ప్రభుత్వం చివరిదాకా నిలబడాలన్నది మా అభిప్రాయం.

ఇది మనకు పట్టని సంగతి కాదు. ఎనభై, తొంభై దశకాల్లో మన వైద్య కళాశాలల నుంచి వెళ్లి అక్కడి ప్రభుత్వాసుపత్రుల్లో స్థిరపడిన తెలుగు డాక్టర్లలో పలువురు ఇప్పుడు అరవైల్లో ఉన్నారు. భారత లైసెన్సుతో అక్కడ స్థిరపడినవారు పన్నెండు నెలలకు మించి బండి నడపరాదు. దానిని బ్రిటిష్ లైసెన్సుగా మార్చి ఇవ్వరు కనుక, ఇక్కడ ఏళ్ల తరబడి కారు నడిపినవారు సైతం మళ్లీ పరీక్ష నెగ్గాల్సిందే. అలా కష్టపడి తెచ్చుకున్న ఆకుపచ్చ, గులాబీ రంగు కాగితం మడతల దగ్గర చిరుగుపట్టినా భద్రంగా దాచుకున్నవారు ఉంటారు. దానిపై ఉండే పదహారు అక్షరాంకెల డ్రైవర్ నంబరు ఇంటిపేరులోని తొలి అయిదు ఇంగ్లీషు అక్షరాలతో మొదలవుతుంది. రెడ్డి సరిగ్గా అయిదక్షరాలకు సరిపోతుంది. మూడక్షరాల రావు వెనుక రెండు తొమ్మిదులు వచ్చి చేరతాయి.

ఫోటో కార్డు 1998 జూలైలో వచ్చింది. కార్డు ఉన్నవారు పదేళ్లకోసారి కొత్త ఫోటో ఇచ్చి, రుసుము కట్టి దానిని మార్చుకోవాలి. గడువు దాటిన కార్డును అలాగే ఉంచుకుంటే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. కాగితం ఉన్నవారికి ఈ బాదరబందీ లేదు. 2015 జూన్ 8న కార్డుతో పాటు ఇచ్చే కాగితపు అనుబంధ పత్రాన్ని రద్దు చేసినప్పుడు, 1998కి ముందటి లైసెన్సు కాగితాలను మాత్రం పారేయవద్దని లైసెన్సుల సంస్థే స్పష్టం చేసింది.

ఇంతకన్నా విలువైనది మరొకటి ఉంది. 1997 జనవరి 1కి ముందు కారు పరీక్ష నెగ్గినవారికి ఏడున్నర టన్నుల దాకా ఉండే లారీని, కిరాయికి కాకుండా చిన్న బస్సును నడిపే అర్హత కూడా కలిసి వచ్చింది; ఆ తర్వాత నెగ్గినవారికి సాధారణంగా మూడున్నర టన్నులే పరిమితి. ఇల్లు మారి, కాగితం ఇచ్చి కార్డు తీసుకున్నా ఈ అర్హత పోదు. అయినా పంపే ముందు కాగితానికి రెండు వైపులా నకలు తీసి ఉంచుకుని, కార్డు చేతికి రాగానే వెనకవైపున్న వాహన తరగతులను ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. నమోదులో ఒక తరగతి జారిపోతే, ముప్పయ్యేళ్ల నాటి అర్హతను రుజువు చేసుకోవడానికి చేతిలో ఆ నకలే ఉంటుంది. డెబ్బై నిండాక ఆ పెద్ద వాహనాల అర్హత కొనసాగాలంటే వైద్య పరీక్ష తప్పదు.

ఫోటో లేని కాగితంతో మోసాలు సులువన్న వాదనలో కొంత నిజం ఉంది. అయితే లైసెన్సు అసలు వివరాలు వేల్స్‌లోని స్వాన్సీలో ఉన్న లైసెన్సుల సంస్థ కేంద్ర కార్యాలయం రికార్డుల్లో ఉంటాయి. పోలీసులు అక్కడి నుంచే సరిచూసుకోగలరు. కాగితం ఉన్నంత మాత్రాన రహదారి భద్రతకు వచ్చే ముప్పు మాకు కనిపించడం లేదు. ఇబ్బంది విదేశాల్లోనే. కొన్ని ఐరోపా దేశాల్లో ఈ కాగితంతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా అడగవచ్చు కనుక, తరచూ ప్రయాణించేవారు కార్డు తీసుకోవడమే మేలు. ఆ నిర్ణయం మాత్రం వారిదే కావాలి.

తెలంగాణలో 2024లో టీఎస్ స్థానంలో టీజీ వచ్చినప్పుడు కొత్త రిజిస్ట్రేషన్లకే దానిని వర్తింపజేశారు, పాత నంబర్ల జోలికి పోలేదు. అదే సరైన పద్ధతి. ప్రభుత్వం తన సౌలభ్యం కోసం పత్రం రూపాన్ని మార్చుకున్నప్పుడు, ఆ భారం ఎప్పుడో పరీక్ష నెగ్గి, నియమం తప్పక బండి నడిపిన మనిషి మీద పడకూడదు. డిజిటల్ లైసెన్సుకు నిబంధనలు రాసేటప్పుడే, స్మార్ట్ ఫోన్ లేనివారికి, వాడలేనివారికి పాత కాగితం దానిమీది తేదీ వరకు యథాతథంగా చెల్లుతుందని బ్రిటన్ ప్రభుత్వం విస్పష్టంగా చేర్చాలి.